బొమ్మ పోయినా సౌండు పోదు

టామ్ అండ్ జెర్రీ కార్టూన్ మొదట్లో తెర మీద ఫ్రెడ్ క్వింబీ అని పేరు పడిందంటే మా వీధి పిల్లకాయలందరం సర్దుకొని కూర్చునేవాళ్లం. ఆ రోజు టామ్‌కు పండగే, మాకూ పండగే. చక్ జోన్స్ అని పడితే పర్వాలేదు, చూడొచ్చు. మూడో రకం ఒకటుండేది, జీన్ డైచ్ పేరుతో. అది పడితే నీళ్లకు లేచేవాళ్లు కొందరు, ఒంటికి లేచేవాళ్లు కొందరు. ఇంగ్లీషు కూడబలుక్కొని చదివే ఆ వయసులో మాకు గట్టిగా వచ్చిన స్పెల్లింగులు ఆ మూడు పేర్లవే అంటే అబద్ధం కాదు.

క్వింబీ అంటే టామ్‌నూ జెర్రీనీ గీసినాయన అనుకునేవాళ్లం. ఆయన ఒక్క గీత కూడా గీయలేదు. ఎం.జి.ఎం. స్టూడియోలో కార్టూన్ విభాగానికి నిర్మాత, అంతే. ఆ పరుగులు, ఆ దెబ్బలు, ఆ ఎత్తులు పైఎత్తులు అన్నీ విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరివి. 1940 నుంచి 1958 దాకా వాళ్లవి విడుదలైనవి 114. వాటికి 7 ఆస్కార్లు వస్తే ఏడూ పోయింది క్వింబీ చేతికే. సొమ్మొకడిది సోకొకడిది. ఇంకో సంగతి, అవి టీవీ కోసం తీసినవి కావు. థియేటర్లలో పెద్ద సినిమాకు ముందు వేసే చిన్న సినిమాలు. అంత తీరిగ్గా, అంత ఖర్చుతో గీసినారంటే కారణం అదే.

1957లో స్టూడియో ఆ విభాగాన్ని మూసేసింది. కొన్నేళ్లకు మళ్లీ ఆశ పుట్టి, యూరప్‌లోని ప్రాగ్ నగరంలో ఉంటున్న జీన్ డైచ్‌కు అప్పజెప్పింది. ఆయన 1961, 62లలో 13 తీశాడు. డబ్బు తక్కువ. గీసేవాళ్లు పాత టామ్ అండ్ జెర్రీలను సరిగా చూసింది కూడా లేదు. తర్వాత చక్ జోన్స్ వచ్చి 34 తీశాడు. ఈ చరిత్రంతా నేను ఉద్యోగంలో చేరినాక చదువుకున్నది. కానీ ఏది అసలుదో ఏది తేలిపోతుందో మా సందులో అయిదో తరగతి పిల్లోడు కూడా చెప్పేవాడు. ఎట్లా అంటే, చెవులతో. డైచ్ తీసినవాటిలో ప్రతి చప్పుడూ గుయ్యిమని మోగి, అవసరం తీరినాక కూడా ఆగదు. దెబ్బ ఒకచోట, దాని మోత ఇంకోచోట. నవ్వు రావాల్సిన చోట ఒళ్లు జలదరిస్తుంది. ఆయన గీతలో ఒక వింత అందం ఉందని ఇప్పుడు కొందరు మెచ్చుకుంటున్నారు. ఉంటే ఉండొచ్చు. ఆ మోత మాత్రం నేను భరించలేను.

ఇక్కడ మా టీవీ సంగతి చెప్పాలి. కర్నూలులో కొండారెడ్డి బురుజు దాటి తుంగభద్ర దిక్కు పోతే వచ్చే సందుల్లో మా ఇల్లు. చెక్క తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, పక్కన స్టెబిలైజరు. 90ల మొదట్లో ఎండాకాలమంటే కరెంటు ఉండటమే ఎక్కువ, ఉన్నా ఓల్టేజీ ఉండదు. ఆదివారం పొద్దున కూడా బల్బు లోపలి తీగె ఎర్రగా కనిపించేది. టీవీలో బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయి, చుట్టూ నల్లంచు పెరిగి పెరిగి, పోస్టుకార్డంత మిగిలేది. స్టెబిలైజరు టిక్కుటిక్కుమని కొట్టుకొని చేతులెత్తేసేది. ఒక్కోసారి బొమ్మ మొత్తంగా పోయేది. సౌండు మాత్రం పోయేది కాదు, సన్నగానైనా వస్తూనే ఉండేది.

పిక్చర్ ట్యూబు పోతుందని నాయన లేచి ఆఫ్ చేయబోతే జేజి, అదే మా నాయనమ్మ, అడ్డం పడేది.

"ఉండనీలే నాయనా, రేడియో అనుకొని ఇంటారు పిల్లకాయలు."

విన్నాం. మోగ్లీ పరుగులు విన్నాం, అంకుల్ స్క్రూజ్ అనే బాతు నాణేల్లో ఈదులాడటం విన్నాం. అట్లా వినీ వినీ నాకు ఒక కొలబద్ద ఏర్పడింది, ఇప్పటికీ అదే వాడతా. కార్టూన్ మంచిదా చెడ్డదా అనేది గీతలో సగమే తెలుస్తుంది. మిగతా సగం చప్పుడులో ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా చప్పుడు లేని చోట ఉంటుంది. మాట ఒక్కటీ అర్థం కాకున్నా మనిషిని కూర్చోబెట్టగలిగిందా, అది నిలబడుతుంది.

ఆ రోజుల్లో దూరదర్శన్‌లో కార్టూన్లన్నీ హిందీలోనే. మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. పక్కింటి సాయిబుల పిల్లోడు నా దోస్తు. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు కాబట్టి వాడే మాకు దుబాసి. షేర్‌ఖాన్ గొంతు గర్జించగానే అందరం వాడి మొహం చూసేవాళ్లం. "వాడేమంటాండాడంటే..." అని మొదలుపెట్టి తెలుగులో చెప్పేవాడు. కర్నూలు సందుల ఉర్దూ వేరు, దూరదర్శన్ హిందీ వేరు. వాడికి తెలియని మాటలు వచ్చినప్పుడు సొంతంగా కథ అల్లేసేవాడు. ఒకసారి షేర్‌ఖాన్ మోగ్లీ తోబుట్టువులకు బిర్యానీ పెడతానంటున్నాడని చెప్పాడు. మేం నమ్మలేదు గానీ వద్దనీ అనలేదు. కథ ముందుకు పోవాలి కదా.

జంగిల్ బుక్ అప్పట్లో మనదే అనుకున్నాం. మన అడవి, మన పేర్లు. అది జపాన్‌ది. నిప్పన్ యానిమేషన్ వాళ్లు 1989లో మొదలుపెట్టి 52 భాగాలు తీశారు. మన దగ్గరికి హిందీలో వచ్చింది 1993 ప్రాంతంలో. మనవాళ్లు చేసింది దానికి గొంతు పెట్టడం. గుల్జార్ పాట రాశాడు, అప్పటికి పెద్దగా పేరు లేని విశాల్ భరద్వాజ్ బాణీ కట్టాడు, షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతిచ్చాడు. ఆ గొంతు ఎవరిదో తెలియకుండానే మా జేజి ఒక మాటంది: "ఈ పులి యాడో ఉద్యోగం పోగొట్టుకున్నోని మాదిరి మాట్లాడుతుందే." అంతకంటే సరైన సమీక్ష నేను ఎక్కడా చదవలేదు. కోపం కాదు ఆ గొంతులో ఉండేది, తనకు రావాల్సింది ఎవడో పట్టుకుపోయినాడన్న ఉక్రోషం.

బొమ్మల పరంగా చూస్తే లోపాలకు కొదవ లేదు. ఒకే పరుగు, ఒకే చెట్టు, ఒకే ఆకాశం. మోగ్లీ చేతిలో బూమరాంగ్ ఒకటి. అసలు కథ రాసిన కిప్లింగ్ పుస్తకంలో లేనిది, హిందూస్థాన్ అడవిలో ఎట్లా దొరికిందో వాళ్లకే తెలియాలి. అయినా ఆ ఎండాకాలం మా సందులో బూమరాంగ్ లేని పిల్లోడు లేడు. ప్లైవుడ్ ముక్కను వంకరగా కోయించుకొని కె.సి. కెనాల్ గట్టు మీద విసిరేవాళ్లం. విసిరినవన్నీ కాలవలోకే పోయేవి. అక్కడ ఉతుక్కునే ఆడోళ్లు తిట్టిన తిట్లకు దుబాసి అవసరం రాలేదు.

2010లో హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లే త్రీడీలో జంగిల్ బుక్ తీశారు. అప్పటి మన రాష్ట్రంలో తయారైందని ఎంతో ఆశతో చూశా. ప్రతి రోమం కనిపిస్తుంది, ప్రతి ఆకూ మెరుస్తుంది. కానీ మోగ్లీ మొహంలో కండ కదలదు. ఒక్క క్షణం ఊపిరి తీసుకోనివ్వకుండా వెనకాల సంగీతం వాయిస్తూనే ఉంటారు. అడవి అంటే ఎక్కువసేపు ఏమీ వినపడకపోవడమే కదా. ఆ పాత జపాన్ బొమ్మలో మోగ్లీ చెట్టు మీద ఒంటరిగా కూర్చుంటే గాలి తప్ప ఏమీ ఉండేది కాదు.

తర్వాత వచ్చినవి డక్‌టేల్స్, టేల్‌స్పిన్. రెండూ డిస్నీవే. డక్‌టేల్స్ 1987ది, టేల్‌స్పిన్ 1990ది. మా దగ్గరికి చేరేసరికి కొన్నేళ్లు పట్టింది. డక్‌టేల్స్ మీద నా అభిప్రాయం సూటిగా చెప్తా: స్క్రూజ్ ఇంట్లో ఉన్నప్పుడు బాగుంటుంది, నిధుల వేటకు పోయినప్పుడు సాగుతుంది. పిసినారి ముసలాయన నాణెం పోయిందని ఏడ్చే ఏడుపు ముందు ఏ పిరమిడ్లూ ఆనవు. ఆ పాత్రను 1947లో కామిక్ కోసం పుట్టించిన కార్ల్ బార్క్స్‌కు ఆ కిటుకు తెలుసు. పెద్దమార్కెట్‌లో అట్లాంటి శెట్లు మాకూ ఉండేవాళ్లు కాబట్టి ఆయన్ని గుర్తుపట్టడానికి మాకు హిందీ అక్కర్లేకపోయింది.

టేల్‌స్పిన్ వచ్చి మా బుర్రలు తిరగేసింది. నిన్నటిదాకా అడవిలో తిరిగిన ఎలుగుబంటి బల్లూ విమానం నడుపుతున్నాడు. షేర్‌ఖాన్ కోటు, టై కట్టుకొని పెద్ద భవనంలో కుర్చీలో కూర్చున్నాడు. "ఉద్యోగం దొరికింది పో" అంది జేజి. నా మటుకు ఆ కోటు షేర్‌ఖానే గొప్ప విలన్. అరవడు. గోళ్లు బయటికి తీసి బల్ల మీద మెల్లగా గీస్తాడు, అంతే. ఇంగ్లీషులో ఆ గొంతు టోనీ జే అనే నటుడిది. ఆ మంద్రస్వరాన్ని తర్వాత ఎప్పుడో విన్నప్పుడు మళ్లీ అదే చలి పుట్టింది. పిల్లల కార్టూన్లలో విలన్ అంటే గట్టిగా నవ్వాలి అనుకునే రచయితలందరికీ ఆ భాగాలు చూపించాలి.

కేబులు వచ్చింది. ఇంట్లోకి కలర్ టీవీ కూడా వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో మొదలైంది 1995లో. అప్పట్లో పగలంతా కార్టూన్లు, రాత్రి కాగానే అదే చానల్ పాత హాలీవుడ్ సినిమాలది అయిపోయేది. బొమ్మలు పోయి మనుషులు రావడం ప్రతి రాత్రీ ఒక చావు మాకు. అన్నీ ఇంగ్లీషులోనే, ఈసారి నా దోస్తు కూడా చేతులెత్తేశాడు. అప్పుడే టామ్ అండ్ జెర్రీ మా వీధి మొత్తానికీ రాజ్యమేలింది. అందులో మాటల్లేవు, ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు.

దాన్ని కేవలం కొట్లాట అనేవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. అది సంగీతం. స్కాట్ బ్రాడ్లీ అనే ఆయన ప్రతి అడుగుకూ, ప్రతి కనురెప్పకూ స్వరం కట్టాడు. టామ్ కోటు తొడుక్కొని పియానో కచేరీ చేసే భాగం ఒకటుంది, జెర్రీ పియానో లోపల నిద్రపోతుంటాడు. లిస్ట్ అనే హంగేరీ సంగీతకారుడి కృతిని మొదలుపెట్టి, ఆ ఎలుకతో పోట్లాడుతూనే వాయిస్తాడు. టామ్ వేళ్లు సరిగ్గా పడాల్సిన మెట్ల మీదే పడతాయి. పాటకు బొమ్మ గీశారా, బొమ్మకు పాట కట్టారా అని తేల్చుకోలేని తీరు. దానికి ఆస్కార్ రావడంలో వింతేమీ లేదు.

టామ్ తోక తలుపులో పడి అరిచే అరుపు విని జేజి అనేది: "ఆ కూత పిల్లిది కాదురా, మగోడెవడో అరిచినట్ల ఉండాది." నిజమే. ఆ అరుపు విలియం హానా సొంత గొంతు. బొమ్మను సృష్టించినవాడే దాని బాధను కూడా అరిచాడు.

ఒక ముల్లు ఉంది ఇందులో. టామ్‌ను చీపురుతో తరిమే పనామె మొహం మనకు చూపించరు, కాళ్లే చూపిస్తారు. నల్లజాతి ఆడమనిషి, బొద్దుగా, మొరటుగా. బాంబు పేలితే టామ్ మొహం నల్లగా మారి, పెదాలు లావై, జడలు లేస్తాయి. మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఎవరిని చూసి నవ్వుతున్నామో అమెరికా చరిత్ర తెలిస్తే గానీ అర్థం కాదంటారు కొందరు. అంత దూరం పోనక్కర్లేదు. కర్రెగా ఉన్న పిల్లోన్ని బడిలో ఏమని పిలిచేవాళ్లో మాకు బాగా తెలుసు. టామ్ అండ్ జెర్రీని నెత్తిన పెట్టుకుంటా, ఆ భాగాలను మాత్రం నా మేనకోడలికి చూపించలేదు.

ఎం.జి.ఎం. కార్టూన్ విభాగం మూతపడ్డాక హానా, బార్బెరా టీవీకి వచ్చారు. టీవీలో డబ్బు లేదు, వారం వారం ఎపిసోడ్ కావాలి. దాంతో గీతలు తగ్గించే ఉపాయాలు పన్నారు. యోగి బేర్ మెడలో కాలరు, టై ఎందుకుంటాయో తెలుసా? తల ఒక్కటే విడిగా గీసి కదిలిస్తే అతుకు కనపడకుండా. ఒళ్లు కదలదు, తల ఊగుతుంది, నోరు ఆడుతుంది. ఫ్లింట్‌స్టోన్స్‌లో ఫ్రెడ్ ఇంట్లో పరిగెడితే అదే కిటికీ, అదే దీపం, మళ్లీ అదే కిటికీ. ఆ ఇల్లు కర్నూలు నుంచి నంద్యాల దాకా ఉందేమో అనుకునేవాళ్లం. ఇట్లాంటివాటిని చక్ జోన్స్ బొమ్మలున్న రేడియో అని ఎద్దేవా చేసేవాడు. నాకైతే ఆ తిట్టు తిట్టుగా వినిపించదు. రేడియో చేతకానివాడికి బొమ్మలు మాత్రం ఏం చేతనవుతాయి? యోగి బేర్ తప్పు కదలకపోవడం కాదు, ఆపకుండా వాగడం. స్కూబీ డూలో కనీసం ఆ కుక్క వణుకుతూ చేసే చప్పుళ్లున్నాయి. కథ మాత్రం ప్రతిసారీ ఒకటే. ముసుగు తీస్తే ఊళ్లో పెద్దమనిషి. ఆ ఒక్క విషయంలో అది మా సీమకు బాగా దగ్గరి కథ.

స్వాట్ క్యాట్స్ గురించి మాట్లాడాలంటే నా దోస్తునే పిలవాలి. వాళ్ల మామకు మెకానిక్ షెడ్డు ఉండేది. వీధి చివర బండి చప్పుడు విని ఏ కంపెనీదో, ఏ పార్టు పోయిందో చెప్పే చెవులు వాడివి. పాత సామాన్ల గుట్టలో మెకానిక్‌లుగా బతుకుతూ, ఆ ఇనుపముక్కలతోనే జెట్ విమానం కట్టుకున్న రెండు పిల్లుల కథ వాడికి నచ్చకుండా ఎట్లా ఉంటుంది? క్రిస్టియన్ ట్రెంబ్లే, ఇవాన్ ట్రెంబ్లే అనే అన్నదమ్ములు పుట్టించిన సీరియల్ అది. 1993లో మొదలై 1995కే ఆగిపోయింది. మూడు ఎపిసోడ్లు సగం పనిలో ఉండగానే ఆపేశారు. అమెరికాలో ఎవరికీ పెద్దగా గుర్తులేదంటారు, మన దేశంలో మాత్రం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు, మళ్లీ మళ్లీ చూశాం.

కథ గొప్పదేం కాదు. మాటలు మరీ సాదా. మేయర్ దద్దమ్మ, పోలీసు పెద్ద మూర్ఖుడు. కానీ ఆ విమానం గుహలోంచి బయటికి దూకే ముందు ఒక గిటారు మొదలవుతుంది చూడండి. వెనకాల ఇంజన్ గుర్రుమంటుంది. ఆ రెండు చప్పుళ్లూ కలిసే చోట మా వీధి మొత్తం లేచి నిలబడేది.

ఇక సమురాయ్ జాక్. జెండీ టార్టకోవ్‌స్కీ అంతకుముందు డెక్స్‌టర్స్ ల్యాబొరేటరీ తీసినాయన, 2001లో దీన్ని తెచ్చాడు. బొమ్మ చుట్టూ ఉండే నల్లగీత తీసేశాడు. రంగు మీద రంగు, అంతే. మాటలు కూడా తీసేశాడు. నిమిషాల తరబడి ఎవరూ నోరు విప్పరు. అప్పటికి నేను డిగ్రీలో ఉన్నా, ఆ వయసులో కార్టూన్లేందిరా అని నాయన సణిగేవాడు.

అందులో ముగ్గురు గుడ్డి విలుకాళ్ల ఎపిసోడ్ ఉంది. మంచు కప్పిన నేల మీద ఒక బురుజు, దాని మీద ముగ్గురు. కళ్లు లేవు, చప్పుడు విని కొడతారు. మంచు మీద అడుగు వేస్తే చాలు, బాణం వచ్చేస్తుంది. సైన్యాలు వచ్చి పోయాయి, ఎవరూ దగ్గరికి చేరలేకపోయారు. జాక్‌కు ఉపాయం తోస్తుంది, తన కళ్లకు తానే గంతలు కట్టుకుంటాడు. తెర నల్లబడుతుంది. మొదట ఏమీ వినపడదు. కాసేపటికి ఒక్కో చిన్న చప్పుడు పుడుతుంది, ఆ చప్పుడు వచ్చిన చోటే దాని బొమ్మ చీకట్లోంచి తేలుతుంది. అట్లా ఒక్కొక్కటే విని, లోకాన్ని మళ్లీ కట్టుకుంటాడు. తర్వాత ఆ మంచులో చప్పుడు కాకుండా నడవడం నేర్చుకుంటాడు.

నేను నోరు తెరిచి చూస్తున్నా. బొమ్మ పోయి సౌండే మిగిలిన టీవీ ముందు మేం చిన్నప్పుడు చేసింది అదే కదా. మేం ఓల్టేజీ లేక చేశాం, ఆయన కావాలని చేశాడు. తెరను నల్లగా ఉంచి అంతసేపు జనాన్ని కూర్చోబెట్టాలంటే ఎంత గుండె ఉండాలి! నాకు తెలిసి టీవీ కార్టూన్లలో దాన్ని మించిన ఎపిసోడ్ లేదు. మిగతావన్నీ దాని తర్వాతే.

కరేజ్ ద కవర్డ్లీ డాగ్‌ను కూడా ఆ వరసలోనే పెడతా, ఒక మెట్టు కింద. ఎటు చూసినా మనిషి లేని మెట్టనేల నడుమ ఒంటరి ఇల్లు, ముసలి మొగుడూ పెళ్లాలు, ఒక పిరికి కుక్క. ఆలూరు, పత్తికొండ దిక్కు బస్సులో పోయినవాళ్లకు ఆ నేల కొత్త కాదు. గాలి తప్ప ఏమీ లేని ఆ నేలలోంచి రామ్‌సెస్ రాజు దయ్యం వచ్చి తన పలక తనకిమ్మని పిలిచే ఎపిసోడ్ చూసి, నేనూ నా దోస్తూ ఆ రాత్రి మిద్దె మీద పడుకోలేదు. డిగ్రీ చదివే మొగపిల్లలం.

తెనాలి రామన్ గురించి చెప్పకపోతే అన్యాయం. 2003లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో తయారైన సీరియల్ వేస్తోందంటే, అదీ మన తెనాలి రామకృష్ణుడంటే, ఇంట్లో అందరం కూర్చున్నాం. తిరువనంతపురంలోని టూన్జ్ వాళ్లు తీశారు. పెట్టగానే రాయలవారు హిందీలో మాట్లాడుతున్నారు. ఆముక్తమాల్యద రాసిన రాయలు! పెనుకొండలో ఎండాకాలం గడిపిన రాయలు! సరే, దేశమంతా చూడాలి, భాష సంగతి వదిలేద్దాం. నా బాధ వేరే. తెనాలి తమాషా చేయబోతున్నాడని ముందే సంగీతం చెప్పేస్తుంది. చేసినాక సభ మొత్తం నవ్వి, ఇది తమాషా అని మళ్లీ చెప్తుంది. మనం నవ్వడానికి చోటేది?

జేజికి కోపమొచ్చింది. టీవీ ఆఫ్ చేయించి, పిల్లి పాల కథ తానే ఎత్తుకుంది. రాయలు ఊళ్లో అందరికీ పిల్లులిచ్చి, వాటికి పాలకు ఆవులిచ్చిన కథ. తెనాలి గిన్నెడు పాలు సలసలా కాచి పిల్లి ముందు పెట్టాడు అన్న చోట జేజి ఆగింది. ఏమీ అనలేదు. మా మొహాలు చూస్తూ గిన్నె కింద పెడుతున్నట్టు చేయి దించింది. మళ్లీ ఆగింది. మేం ఊపిరి బిగబట్టినాక అప్పుడు పెట్టింది కూత, అచ్చం టామ్ కూత. మా అక్క ఎగిరి పడింది. "కథ చెప్పడమంటే ఇట్ల. ఊరికే గలగలమంటే కథయితాదా?" జేజి ఒక్క కార్టూన్ కూడా గీయలేదు, టార్టకోవ్‌స్కీ పేరు వినలేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు మా ఇంట్లో అన్నీ పోయాయి. మేం మిద్దె ఎక్కి బతికాం. అది వేరే కథ, ఇక్కడ వద్దు. మళ్లీ ఇల్లు కడిగి, కొత్త టీవీ తెచ్చుకునేసరికి తెలుగులో పిల్లల చానల్ వచ్చేసింది, ఖుషీ టీవీ. అక్క కూతురు అప్పటికి మాటలు నేర్చుకుంటోంది. డోరా, బుజ్జి తప్ప ఆ పిల్లకు లోకం లేదు.

ఎన్నేళ్లకు తెలుగులో కార్టూన్లు! సంతోషించాల్సింది పోయి నేను సణుగుతూ కూర్చున్నా. ఆ డబ్బింగుల్లో అందరి గొంతూ ఒకే ఎత్తులో ఉంటుంది. కుక్కయినా, కోతయినా, మాంత్రికుడైనా అందరూ పాఠ్యపుస్తకం ఒప్పజెప్తున్నట్టే. అసలు బొమ్మలో పాత్ర ఊరికే చూసే చోట కూడా "ఓహో, అలాగా, అయితే పదండి" అని ఏదో ఒకటి ఇరికిస్తారు. ఖాళీ కనపడితే భయం. ఏ బొమ్మా మా యాసలో ఒక్క ముక్క మాట్లాడలేదు. గమ్మునుండు అనే మాట ఒక్క కార్టూన్‌లో వినాలని నాకు ఇప్పటికీ ఉంది.

అందులో డోరా ఒక్కటే మినహాయింపు. ఆ పిల్ల ప్రశ్న అడిగి ఆగుతుంది. కళ్లార్పుతూ మన జవాబు కోసం చూస్తుంది. పెద్దవాళ్లకు ఆ ఆగడం నరకం. కొండ కళ్లెదురుగా పెట్టుకొని కొండెక్కడ అంటుందేంటి అని నాయన తల పట్టుకునేవాడు. కానీ మా మేనకోడలు సోఫా మీద నిలబడి "అదిగో, నీ ఎనక!" అని గొంతు చించుకునేది. మూడేళ్ల పిల్లకు మాట్లాడే చోటిచ్చిన కార్టూన్‌ను నేను తీసిపారేయలేను.

ఛోటా భీమ్‌ను కూడా ఆ పిల్ల పక్కన కూర్చొనే చూశా. 2008లో పోగో చానల్‌లో మొదలైంది. హైదరాబాద్‌లో రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ వాళ్లది. మనవాళ్లు ఇంత పెద్ద హిట్టు కొట్టారన్న గర్వం ఉంది, దాన్ని దాచను. కథ సంగతికొస్తే, ఆపద వస్తుంది, భీమ్ ఓడిపోబోతాడు, చుట్కీ లడ్డూ విసురుతుంది, అయిపోయింది. లడ్డూ గాల్లోకి లేవగానే మా మేనకోడలు పలకా బలపం సర్దుకోవడం మొదలుపెట్టేది, ఎపిసోడ్ అయిపోతుందని ఆ పిల్లకు తెలుసు. హైదరాబాద్‌లో పుట్టిన ఊరు ఢోలక్‌పూర్‌లో ఒక్క వీధి కూడా మన వీధిలా ఉండదు. చప్పుళ్లు మరీ విసుగు. కొడితే ఒకటే చప్పుడు, దూకితే ఒకటే చప్పుడు, డబ్బాలోంచి తీసి అతికించినట్టు. నాకు నచ్చింది కాలియా ఒక్కడే. తిండిపోతు, అసూయపరుడు, ప్రతిసారీ ఓడిపోయి మళ్లీ వస్తాడు. మనిషంటే వాడు. భీమ్‌కు ఏ బాధా లేదు, బాధ లేనివాడి కథ ఎంతసేపని చూస్తాం?

అదే గ్రీన్ గోల్డ్ వాళ్లు 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు మైటీ లిటిల్ భీమ్ తీశారు. అదే భీమ్, కానీ పాకే వయసు పిల్లోడు. మాటల్లేవు. ఏడుపు, నవ్వు, కిలకిల, గజ్జెల చప్పుడు, అంతే. లడ్డూ ఉంది గానీ ఆపద తీర్చేది కాదు, ఆపదంతా దానితోనే వస్తుంది. ఎంత హాయిగా ఉందో! డబ్బింగ్ అక్కర్లేదు కాబట్టి ఏ దేశం పిల్లలైనా చూడొచ్చు. మాట తీసేయగానే వాళ్లకు కథ చెప్పడం వచ్చేసింది. పదేళ్ల ముందే తీసేసి ఉంటే ఎంత బాగుండేది!

మేనకోడలు ఇప్పుడు కాలేజీ. జపాన్ అనిమే తప్ప ముట్టదు, అదీ కింద అక్షరాలు చదువుకుంటూ జపాన్ గొంతులోనే. డబ్బింగ్‌లో చూస్తే పాపమన్నట్టు మాట్లాడుతుంది. "నీ కార్టూన్లన్నీ పాతవి మామా, కథే ఉండదు" అంటుంది. జంగిల్ బుక్ కూడా జపాన్‌దేనే అంటే కాసేపు నోరు మూసింది. మూసింది కాసేపే.

నా దోస్తు కువైట్‌లో ఉంటాడు, బండ్ల షెడ్డులోనే. మొన్న ఫోన్‌లో మళ్లీ అదే గొడవ. 2020లో స్వాట్ క్యాట్స్ తిరిగి తీస్తామని ప్రకటించారు. ట్రెంబ్లే అన్నదమ్ములతో కలిసి తీసేది ఎవరనుకున్నారు? మన తెనాలిని హిందీ మాట్లాడించిన ఆ టూన్జ్ వాళ్లే. నాకు గుండె గుభేలుమంది. సంగీతంతో ముందే అంతా చెప్పేసి, పిల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వితే ఏం గతి? గిటారు ఉండాలి, ఇంజన్ చప్పుడు ఇనుముదై ఉండాలి, విమానం బయటికి దూకే ముందు ఒక్క క్షణం ఏమీ ఉండకూడదు. ఇవి లేకుంటే నేను చూడనని ఖరాఖండిగా చెప్పేశా. వాడు మాత్రం ఎట్లున్నా చూస్తాడంట. ఇంజన్ చప్పుడు తప్పయితే ఆ కంపెనీకి ఉత్తరం రాస్తాడంట, ఏ పార్టు పోయిందో కూడా అందులోనే చెప్తాడంట.